ఇంటి నుంచి బయలుదేరినప్పుడే మోగే బండి

2024 చివర, చలి ముదురుతున్న రోజులు. ఇల్లందులో బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు పక్కన నా మెకానిక్ షాపు. పొద్దున షట్టర్ ఎత్తేసరికి లోపలి స్పానర్ల మీద కూడా సన్నని నల్లటి పొర పేరుకుని ఉంటుంది. మా నాన్న గనిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను గనిలోకి పోలేదు. పాతికేళ్లకు పైగా టూవీలర్లే బాగుచేస్తున్నాను. ఇంజన్ చప్పుడు విని జబ్బు ఇదీ అని చెప్పడం నాకు చేతనైన విద్య. అలాంటి నన్ను ఇంజనే లేని బండి ఒకటి ముప్పుతిప్పలు పెట్టింది.

కరెంటు బండ్లు వచ్చిన కొత్తలో మా బామ్మర్ది పదిమంది భోజనాలు చేస్తున్న చోట, "బావా, ఇగ నీ స్పానర్లు కిలోల లెక్కన అమ్ముకో" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ పంతంతోనే ఒక కరెంటు మోటార్ సైకిల్ కంపెనీకి ఇల్లందు సర్వీస్ పాయింటుగా ఒప్పుకున్నాను. ఖమ్మంలో వాళ్ల షోరూంలో ట్రైనింగ్ ఇచ్చారు. అక్కడి సర్వీస్ మేనేజర్ నావైపు చూసి, "మీరు టైర్లు, బ్రేకులు చూసుకుంటే చాలు, మోటారు జోలికి పోవద్దు" అన్నాడు. చివర్లో అందరం ఫొటోకు నిలబడితే ఫోన్ నా చేతిలో పెట్టి నన్నే తీయమన్నాడు. ఆ ఫొటో ఇప్పటికీ షోరూం గోడ మీద ఉంది. అందులో నేను లేను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, స్వరూప బండి నా దగ్గరికి వచ్చింది ఆ మేనేజర్ పంపితేనే. అదీ నా మీద నమ్మకంతో కాదు, తలనొప్పి వదిలించుకోవడానికి.

స్వరూప ఏఎన్ఎం. ఏన్కూరు దగ్గర పల్లెలో తండ్రితో ఉంటుంది. ఉద్యోగం జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న సబ్ సెంటర్లో. అక్కడి నుంచి లోపలి గూడేలకు టీకాల పెట్టె భుజాన వేసుకుని తిరగాలి. బస్సు పోని దారులు. అందుకే బ్యాంకు అప్పు పెట్టి కొత్త కరెంటు మోటార్ సైకిల్ కొనుక్కుంది. కొన్న కొద్ది రోజులకే వెనక చక్రం దగ్గర ఏదో చప్పుడు మొదలైంది. మూడుసార్లు ఖమ్మం తీసుకుపోయింది. మూడుసార్లూ వాళ్లు ఒక చుట్టు తిప్పి, చప్పుడేమీ లేదని, ఉన్నా అది నార్మలేనని చెప్పి పంపారు.

"నీ దగ్గరికి ముందుగాల్నే రావాల్సింది అన్నా," అంది షాపులో బండి దిగుతూ. "ఇల్లందుల గిట్ల ఒకాయన ఉన్నడని నాకెవరూ చెప్పలె."

ఆ మాట నేను మనసులో రాసుకున్నాను. నా షాపు బోర్డు రోడ్డు మీదికి కనబడేటంత పెద్దది. అయినా మనిషి ముఖం చూస్తే పోట్లాడబుద్ధి కాలేదు. కళ్లకింద నలుపు. మాట మాట్లాడుతూనే చెవి బండివైపు పెట్టి ఉంచింది.

ఆమెకు వచ్చిన కష్టం ఇది. చప్పుడుకు భయపడి దారిలో ఆగి ఆగి పోతుంటే రెండుసార్లు టీకాల సమయానికి అందుకోలేకపోయింది. గూడెంలో తల్లులు చూసి చూసి చేన్లకు వెళ్లిపోయారట. వాళ్ల పీహెచ్‌సీ డాక్టరు మంచివాడేనట. కానీ ఈ బండిని నమ్ముకుని అడవిలోకి పంపలేనని, ఈ వారంలో తేల్చుకోకపోతే రోడ్డు పక్క ఊళ్లు ఇచ్చి లోపలి గూడేలను వేరేవాళ్లకు అప్పజెబుతానని చెప్పేశాడు.

"రోడ్డు మీది ఊళ్లయితే నీకే సుఖం గదమ్మా," అన్నాను.

"సుఖమే. కానీ ఆ గూడేలల్ల నన్ను చూసి తలుపులు మూసుకునేటోళ్లు. ఇప్పుడు పిలిచి మంచమేస్తరు. కొత్తోళ్లు పోతే మళ్ల మొదటికొస్తది అన్నా. సూదంటే మళ్ల చెట్లెంబడి ఉరుకుతరు."

చప్పుడు ఎలా ఉంటుందో చెప్పమన్నాను. పొద్దున ఇంటి దగ్గర బయలుదేరగానే వెనక నుంచి చప్ చప్ చప్ అని తడికాళ్లతో ఎవరో వెంట నడుస్తున్నట్టు వస్తుందంది. వేగం పెరిగితే చప్పుడు కూడా దగ్గర దగ్గరగా వస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే టక్కున ఒక దెబ్బ. జూలూరుపాడు దాటాక తగ్గుతూ తగ్గుతూ పోతుంది. మధ్యాహ్నానికి ఏమీ ఉండదు. మెకానిక్ దగ్గరికి వచ్చేసరికి బుద్ధిమంతుడిలా ఉంటుంది.

ఇక్కడ బండి సంగతి కొంచెం చెప్పాలి. ఈ రకం బండిలో మోటారు మధ్యలో ఉంటుంది. అక్కడి నుంచి వెనక చక్రానికి గొలుసు బదులు రబ్బరు బెల్టు. బెల్టు లోపలి వైపు పళ్లుంటాయి. అవి మోటారు దగ్గరి చిన్న పుల్లీ గాడుల్లో, చక్రం దగ్గరి పెద్ద పుల్లీ గాడుల్లో కూర్చుని తిరుగుతాయి. గేర్లు లేవు, క్లచ్ లేదు. పెట్రోలు బండి అయితే క్లచ్ పట్టి చూస్తే చప్పుడు ఇంజన్‌దా, చక్రానిదా అని సగం తేలిపోతుంది. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. చక్రం తిరిగితే మోటారూ తిరుగుతుంది. ఇంకో విచిత్రం, ఇంజన్ హోరు లేకపోవడంతో ఎప్పుడూ వినని చప్పుళ్లన్నీ బయటికి వస్తాయి. పెళ్లిలో బ్యాండు ఆపేశాక ఎవరు ఎవరి గురించి ఏం గుసగుసలాడుతున్నారో వినబడినట్టు.

ఆ రోజు బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి చక్రం చేత్తో తిప్పాను. పెద్ద స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ దగ్గర ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. మాకు అదే డాక్టరు గొట్టం. బేరింగ్ నున్నగా తిరుగుతోంది. పుల్లీలు రెండూ ఒకే వరసలో ఉన్నాయా అని ఇనుప పట్టీ పెట్టి చూశాను. ఉన్నాయి. బెల్టు బిగువు సరిపోయింది. బెల్టు మీద సుద్దగీత గీసి బండి నడిపాను. వేగం పెరిగినప్పుడు మోటారు నుంచి సన్నని ఈల వచ్చింది. అది పుట్టుకతో ఉండే ఈల. అది తప్ప ఏమీ లేదు. బెల్టు పళ్ల సందుల్లో మాత్రం ఎర్రమట్టి గట్టిగా అతుక్కుని ఉంది. అడవి దారి బండికి మట్టి ఉండదా అనుకుని పైపైన గుడ్డతో తుడిచాను.

తుడుస్తుంటే సన్నగా ధూపం వాసన వచ్చింది. బండికి పూజ చేయించారా అని అడిగాను. కొన్నరోజే చేయించామని, వాళ్ల నాయిన ఇంట్లో పొద్దునపూట ధూపం వేస్తాడని చెప్పింది. అక్కడితో ఆ సంగతి వదిలేశాను. ముక్కు చెప్పింది విన్నాను గానీ, చెవికి సంబంధించిన కేసులో ముక్కుకు పనేముందని అనుకున్నాను.

పొద్దున చప్పుడు వస్తున్నప్పుడు ఫోన్లో రికార్డు చేసి పంపమన్నాను. మర్నాడు పంపింది. అచ్చం ఆమె చెప్పినట్టే, తడికాళ్ల నడక, మధ్యలో టక్కుమని దెబ్బ. అబద్ధం కాదు, భ్రమ కాదు. ఖమ్మం మేనేజర్‌కు ఫోన్ చేసి ఆ రికార్డు వినిపించాను. అటువైపు ఎవరితోనో మాట్లాడుతూనే విన్నాడు.

"బెల్ట్ సౌండ్ అది. నార్మలే," అన్నాడు.

"ఎందుకొస్తది సార్ గట్ల? పొద్దునే ఎందుకొస్తది?"

"నార్మల్ అంటున్నా కదా. టైర్లలో గాలి చూసి పంపించండి."

ఫోన్ పెట్టేశాడు. నాకు చిన్నప్పటి నుంచి ఒక గుణం ఉంది. ఎవరైనా 'ఎందుకు' అన్న మాటకు జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేస్తే, ఆ జవాబు నేనే కనుక్కునేదాకా అన్నం సహించదు. ఆ బండి నాకు స్వరూప బండిగా ఎంత ముఖ్యమైందో, ఆ మనిషికి చూపించాల్సిన జవాబుగా కూడా అంతే ముఖ్యమైంది.

ఇల్లు, పొద్దున. ఈ రెండింటిలో ఏది? మొదట ఛార్జింగ్ మీద అనుమానపడ్డాను. కరెంటు బండిలో యాక్సిలరేటర్ వదలగానే మోటారే బ్రేకులా పనిచేసి కొంత కరెంటు మళ్లీ బ్యాటరీకి పంపుతుంది. దాన్ని రీజెన్ అంటారు. అప్పుడు బెల్టులో లాగుడు ఒక్కసారిగా పైవైపు నుంచి కిందివైపుకు మారుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే కరెంటుకు చోటు లేక ఈ రీజెన్ తగ్గిపోతుంది. ఇంట్లో రాత్రంతా ఛార్జింగ్ పెడుతుంది కాబట్టి పొద్దున బండి నడక వేరుగా ఉంటుందేమో అనుకున్నాను. షాపులో నిండా ఛార్జింగ్ పెట్టి నడిపాను. చప్పుడు లేదు. తర్వాత మంచు మీద అనుమానం. బండిని నా దగ్గరే ఉంచుకుని ఆరుబయట వదిలి, పొద్దున్నే మంచుతో తడిసి ఉండగానే తీశాను. అప్పుడూ లేదు. ఆమెకు ఇబ్బంది కాకుండా ఆ రెండు రోజులూ నా పెట్రోలు బండి ఇచ్చాను. దానికి బ్రేకు సరిగ్గా లేదని తిరిగిచ్చేటప్పుడు చెప్పింది. మెకానిక్ బండికి బ్రేకు లేదని మొహం మీద చెప్పింది. సరే.

బండి తిరిగి తీసుకుపోయిన మర్నాడు మళ్లీ చప్పుడు. ఆ తర్వాత రోజు లేదట.

"ఎందుకు లేదు?" అన్నాను ఫోన్లో.

"ఏమో అన్నా. రాత్రి సబ్ సెంటర్లనే పండుకున్న, పొద్దున టీకాలున్నయని."

"ఆడ పండుకున్నప్పుడు ఎప్పుడన్న వచ్చిందా చప్పుడు?"

"లేదన్నా," అంది. "ఒక్కసారి కూడా రాలె. నేనే గమనించలె."

అదే మంచు, అదే చలి, అదే ఛార్జరు. సబ్ సెంటర్లో పడుకున్న బండి మోగదు. ఇంట్లో పడుకున్న బండి మోగుతుంది. ఇంక షాపులో కూర్చుని కనుక్కునే సంగతి కాదు ఇది. ఎల్లుండి పొద్దున ఆమె బయలుదేరే సమయానికి వాళ్లింటికి వస్తానని చెప్పాను. ఆ రోజే టీకాల రోజు కూడా. డాక్టరు ఇచ్చిన వారం కూడా ఆ రోజుతోనే అయిపోతుంది. ఆ పొద్దు కూడా బండి మోగితే మళ్లీ లోపలికి పోనని, షోరూంలో అప్పజెప్పేస్తానని అంది.

చెప్పిన సమయం కంటే ముందే వెళ్లాను. బండి ఇంకా చల్లగా, ఎవరూ కదిలించకముందు చూడాలని. తెల్లవారి వెలుగు వచ్చింది. ఇంటి ముందు చప్టా మీద బండి సెంటర్ స్టాండ్ మీద నిలబడి ఉంది. దాని వెనక ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎడమ చేత్తో చక్రం మెల్లగా తిప్పుతున్నాడు. కుడి చేతిలో గుడ్డలో చుట్టిన గోధుమరంగు ముద్ద. దాన్ని తిరుగుతున్న బెల్టు లోపలి వైపు ఆనించి పట్టుకున్నాడు. చూపు బెల్టు మీద లేదు, దూరంగా ఎక్కడో ఉంది. ఏళ్ల తరబడి చేసిన పని చేసేవాళ్లు అలాగే చూస్తారు. చక్రం తిరుగుతుంటే చప్, చప్, చప్. ధూపం వాసన నేను నిలబడ్డ దగ్గరికి వస్తోంది.

కదలకుండా నిలబడి చూశాను. అన్ని రోజులు వెతికిన చప్పుడు కళ్లముందే పుడుతోంది.

నన్ను చూసి ఆయన లేవలేదు. పేరు ముత్తయ్య, స్వరూప తండ్రి. ఒకప్పుడు ఏన్కూరులో పిండి గిర్ని నడిపేవాడట.

"బండ్ల మెకానిక్‌వంటే నువ్వేనా?" అన్నాడు. "బెల్ట్ పని నీకేం తెలుసు తమ్మీ? నువ్వు చైన్ బండ్లోనివి. నేను ముప్పై ఏండ్లు బెల్టుతోనే బతికిన."

ఈ మాట కూడా నేను మరిచిపోను. కానీ అప్పుడు కోపం కంటే కుతూహలమే ఎక్కువైంది. పక్కనే కూర్చుని, చేతిలోది ఏమిటని అడిగాను. ధూపం వేసే గుగ్గిలాన్నే ఆముదంలో కరిగించి చేసిన ముద్ద. గిర్నిలో రోజూ పొద్దున మోటారు వేసే ముందు బెల్టుకు అది పట్టించేవాడు. పట్టించకపోతే బెల్టు జారి కీచుమంటుంది, రాయి తిరగదు, మిరపకాయలు తెచ్చిన ఆడవాళ్లు తిడతారు.

"బండి తెచ్చిన కొత్తల బెల్టు కిచకిచమన్నది," అన్నాడు. "బిడ్డ షోరూంల చెప్తే నార్మలే అన్నరంట. బెల్టు కూస్తుంటే నార్మలేంది? జారుతున్నదని నాకెరుకే. షోరూమోనికి తెల్వకపోతే నాకు తెల్వదా? అందుకే రోజు పొద్దుగాల బిడ్డ బయటికి రాకముందే బండి తుడిచి పట్టిస్తున్న. ఈ నడుమ బిడ్డ ఇంకా సప్పుడైతున్నదంటే ఇంకింత మందంగ పెడ్తున్న."

చిక్కంతా అక్కడ విడిపోయింది. గిర్ని బెల్టు చదునుగా ఉంటుంది. చక్రాన్ని గట్టిగా హత్తుకుని, ఆ ఒరిపిడితోనే తిప్పుతుంది. దానికి జిగట కావాలి. ఈ బండి బెల్టు పళ్లతో పట్టుకుంటుంది. దానికి జిగట పడితే ప్రతి పన్నూ గాడిలో అతుక్కుని, ఊడి బయటికి వస్తుంది. బురదలోంచి కాలు లాగినట్టు చప్ మంటుంది. యాక్సిలరేటర్ వదిలి లాగుడు మారగానే అతుక్కున్న పళ్లన్నీ ఒక్కసారి వదులుతాయి. అదే టక్కుమన్న దెబ్బ. దారిలో దుమ్ము పడిన కొద్దీ జిగట తగ్గుతుంది. పొడిపిండి అద్దిన ముద్ద చేతికి అంటనట్టే. అందుకే అడవి దారి పట్టాక చప్పుడు ఉండదు. ఖమ్మంలో ఉండదు, నా షాపులో ఉండదు, సబ్ సెంటర్లో పడుకున్న మర్నాడు ఉండదు. కానీ ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. గుగ్గిలంతో కలిసి పళ్ల మొదళ్లను అరగదీస్తుంది. వేలితో తడిమి చూస్తే అప్పటికే కొన్ని పళ్లు నునుపెక్కాయి. ఇంకా తెగలేదు. కొన్నాళ్లు ఇలాగే జరిగితే ఏదో ఎత్తు మీద, ఫోన్ సిగ్నల్ లేని చోట పళ్లు కోసుకుపోయి బండి నిలిచిపోయేది.

మరి మొదటి కిచకిచ ఏమిటి? అదొక్కటే అసలు బండి చప్పుడు. పొడి దుమ్ము బెల్టు అంచుకూ పుల్లీ అంచుకూ మధ్య చేరితే పిట్ట కూసినట్టు కూస్తుంది. జారడం కాదు. మంచినీళ్లతో కడిగితే పోతుంది.

ఇది నోటితో చెబితే ముప్పై ఏళ్ల గిర్ని మనిషి ఒప్పుకోడని తెలుసు. అందుకే బెల్టు చూపించాను. చక్రాన్ని ఒక చేత్తో ఆపి పట్టుకుని, ఆయన్ని మోటారు వైపు పుల్లీ దగ్గర బెల్టును జరిపి చూడమన్నాను. జరగలేదు. పళ్లు కదలనివ్వలేదు. ఆయన బెల్టు లోపలి వైపు వేలు పెట్టి ఒక్కొక్క పన్నూ తడిమాడు.

"గుగ్గిలం లేకున్నా ఇది జారది కాకా. జారే బెల్టు కాదు."

ఆయన చేతిలోని ముద్ద గుడ్డతో సహా చప్టా మీద పెట్టేశాడు.

"అంటే గా సప్పుడు నేను పుట్టిచ్చినట్టా?" అన్నాడు.

అదే సమయానికి స్వరూప టీకాల పెట్టె భుజాన వేసుకుని గడప దాటి వచ్చింది. ఆఖరి మాట ఆమె విన్నది. ముద్దనీ, తండ్రినీ, నన్నూ చూసింది. ఆమెకు అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. తడికాళ్ల చప్పుడు వెంటబెట్టుకుని అడవిలోకి పోయిన పొద్దులన్నీ ఆ ముఖంలో కనబడ్డాయి.

"నేను చప్పుడని చెప్పిన కొద్దీ నువ్వు రుద్దుకుంటనే ఉన్నవా నాయినా?"

"అడవిల ఒక్కదానివి పోతవ్ బిడ్డా," అన్నాడు ముత్తయ్య తల ఎత్తకుండా. "ఆడ బెల్టు జారితే ఎవలున్నరు నీకు?"

ముత్తయ్యకు నేను ఒక మాట బాకీ ఉన్నాను. చైన్ బండ్లోడివి అన్నాడు కదా. ఆ మాట తిరిగి ఇవ్వడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ చెప్పాల్సింది వేరే ఉంది, అది నిజం కూడా.

"మొదలు పెట్టింది దుమ్ము," అన్నాను. "పెంచింది గుగ్గిలం. ఆ దుమ్ము సంగతి మీకు చెప్పాల్సినోళ్లు చెప్పలె. చెప్తే నువ్వు దీన్ని ముట్టుకునేటోనివే కాదు."

స్వరూప పెట్టె దించి తండ్రి పక్కన కూర్చుంది. బండి ఎంతసేపట్లో బాగవుతుందని నన్ను అడిగింది. కడగాలి, అంతే, మార్చాల్సిందేమీ లేదన్నాను. ముత్తయ్య వెంటనే లేచి గ్యాసునూనె తెస్తానన్నాడు. వద్దన్నాను. కిరోసిన్ రబ్బరును ఉబ్బిస్తుంది. చలికి గుగ్గిలం గట్టిపడి ఉంది కాబట్టి గీకితే పెచ్చులుగా ఊడుతుంది. ఇనుము తగిలితే పళ్లకు గీతలు పడతాయి. దొడ్లో వేపచెట్టు ఉంది. పుల్లలు విరిచి చివర్లు నమిలి కుచ్చులు చేసుకున్నాం. ముగ్గురం వంతులేసుకుని ఒక్కొక్క సందూ గీకాం. ఆ పనిలో ఉండగా ముత్తయ్య మొదటిసారి కొంచెం నవ్వాడు.

"మనిషికి తోమినట్టే తోముతున్నం. ఇగ దీనికి చాయ్ గూడ పొయ్యాలె."

స్వరూప నవ్వలేదు. కానీ ఆయన చేతిలో పుల్ల అరిగిపోతే ఇంకొకటి విరిచి ఇచ్చింది. తర్వాత గోరువెచ్చటి సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు, మళ్లీ మంచినీళ్లు. ఆరాక చక్రం తిప్పితే బెల్టు గాలిలో తిరుగుతున్నట్టు తిరిగింది. చివరికి కావాలనే వాకిట్లోని పొడిమట్టి కొంచెం బెల్టు అంచున చల్లి తిప్పాను. కిచ్ కిచ్ మంది. ముత్తయ్యను చెంబుతో నీళ్లు పోయమన్నాను. పోశాడు. నోరు మూసుకుంది.

"గిర్నిల నీళ్లు పడితే బెల్టు జారుతది," అన్నాడు నమ్మలేనట్టు. "గిది నీళ్లకు ఊకుంటదా?" చెంబు కింద పెట్టలేదు. ఇంకోసారి మట్టి చల్లమని, ఇంకోసారి పోసి చూశాడు.

స్వరూప బయలుదేరింది. చప్పుడు వస్తే ఆగిపోతానని నాకు చెప్పింది. నేను నా పెట్రోలు బండి మీద చాలా వెనకగా, నా ఇంజన్ హోరు ఆమె చెవికి పడనంత దూరంలో వెంట వెళ్లాను. ఏన్కూరు దాటింది. జూలూరుపాడు దాటింది. తారు రోడ్డు వదిలి ఎర్రమట్టి దారి మొదలయ్యే చోట ఒక దిగుడు ఉంది. యాక్సిలరేటర్ వదలగానే రోజూ ఆఖరిసారి టక్కుమనేది అక్కడేనని ఆమె చెప్పింది. నేను బండి ఆపి ఇంజన్ కట్టేసి విన్నాను. ఆమె దిగుడు దిగింది. టైర్ల కింద రాళ్లు నలిగిన చప్పుడు, మోటారు సన్నని ఈల. ఆమె ఆగలేదు. తల కూడా తిప్పలేదు. టేకు చెట్ల మధ్య మలుపు తిరిగి వెళ్లిపోయింది. నేను కొద్దిసేపు అక్కడే నిలబడి, వెనక్కి తిరిగాను. ఆ రోజు టీకాలన్నీ అయ్యాయని సాయంత్రం మెసేజ్ పెట్టింది. గూడేలు ఇప్పటికీ ఆమెవే.

ఖమ్మం మేనేజర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "చూశారా, కస్టమర్ మిస్టేక్. మా బండిలో ఏమీ లేదు," అన్నాడు. బండిలో ఏమీ లేదన్న మాట నిజమే. ఆ మాట వరకు ఆయనతో ఒప్పుకుంటాను. కస్టమర్ మిస్టేక్ అన్న మాట ఒప్పుకోను. దుమ్ముకు బెల్టు కూస్తుంది, నీళ్లతో కడగండి అన్న ఒక్క వాక్యం మొదటిరోజే చెప్పి ఉంటే, ముత్తయ్య పొద్దున్నే ఆ గుగ్గిలం ముద్ద చేతిలోకి తీసుకునేవాడు కాదు. ఆ సంగతే రాసి కంపెనీకి ఫిర్యాదు పంపాను. జవాబు రాలేదు. మళ్లీ పంపాను. వాళ్లు విసుగు చెందినా నేను చెందను.

ఈ కేసులో నేను నేర్చుకున్నది చప్పుళ్ల గురించి తక్కువ, మనుషుల గురించి ఎక్కువ. కారణం చెప్పకుండా వదిలేసిన చప్పుడుకు ఎవరి పని వాళ్లు కారణం వెతుక్కుంటారు. గనిలో పనిచేసినవాడు గని నుంచి, గిర్ని నడిపినవాడు గిర్ని నుంచి. ఆ కారణానికి వాళ్ల చేతికి తెలిసిన మందు వేస్తారు. అది నిర్లక్ష్యం వల్ల కాదు, ప్రేమ వల్లే ఎక్కువసార్లు జరుగుతుంది. ప్రేమతో చేసిన పని గనుక రోజూ జరుగుతుంది, మందంగా జరుగుతుంది.

అందుకే ఇప్పుడు మొదటి సర్వీసుకు ఎవరు వచ్చినా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది తర్వాత చూస్తాను. ముందు ఒక ప్రశ్న అడుగుతాను: ఇంట్లో పొద్దున్నే ఈ బండిని తుడిచేది ఎవరు? భార్యో, మామో, తాతో, ఎవరి పేరు చెబితే వాళ్లను వెంటబెట్టుకుని రమ్మంటాను. కొందరికి కోపం వస్తుంది, బండి మాది, మాకు చెబితే చాలదా అంటారు. చాలదు. ఆ తుడిచే మనిషి వచ్చి నా ముందు కూర్చుని, బెల్టు కూయడం ఒకసారి చెవులారా విని, ఒక చెంబు నీళ్లు తన చేత్తో పోసి చూసేదాకా నేను తాళం చెవి ఇవ్వను.